ఒకే తాతయ్య, రెండు లెక్కలు

కేసు ఫైలు మొదటి పేజీలో 'సమస్య' అన్న చోట నేను రాసుకున్నది: 'ఖర్చు మీద అదుపు లేదు, క్రెడిట్ కార్డు బాకీ.' తర్వాత అందులో మొదటి సగం కొట్టేశాను. ఆ పని చేయడానికి నాకు నాలుగు సెషన్లు పట్టింది. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఆ ఆలస్యమే.

ఇరవై దాటి ముప్ఫై లోపున్న పిల్లలకి డబ్బు విషయాల్లో కౌన్సెలింగ్ చేయడం నా పని. పెట్టుబడులు అమ్మను, కమీషన్ తీసుకోను. ఈ కేసులో ఇద్దరున్నారు. ఇద్దరూ రాయమన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. మొత్తాలు కూడా చెప్పను. ఉద్యోగంలో చేరిన నాటి నెల జీతాన్ని 100 అనుకుని నెలవారీ లెక్కలు అందులో చెబుతాను, పెద్ద మొత్తాలు ఎన్ని నెలల జీతమో చెబుతాను. ఇది నాకు పాత అలవాటు. అసలు అంకెలు బల్ల మీద పెడితే మనుషులు సిగ్గన్నా పడతారు, గొప్పలన్నా పోతారు. నెలల్లో చెబితే రెండూ కాస్త తగ్గుతాయి.

ఎవరు, ఎందుకొచ్చారు

అన్నదమ్ముల పిల్లలు. పెద్దాయన కూతురికి 26, చిన్నాయన కొడుక్కి 25. వాళ్లు పిలుచుకునేట్టే ఇక్కడ అక్క, తమ్ముడు అంటాను. చదివింది ఒకటే, ఉద్యోగాల్లో చేరింది ఒకే ఏడాది, చేరిన రోజు జీతాలు ఇంచుమించు ఒకటే. నాలుగేళ్లు గడిచేసరికి తమ్ముడికి సొంత ఇల్లుంది. అక్కకి రెండున్నర నెలల జీతమంత కార్డు బాకీ ఉంది.

ఇంట్లో నలుగురూ కలిసినప్పుడల్లా బాబాయి అనే మాట ఒకటుందట: "వాణ్ణి చూసి నేర్చుకోవే. డబ్బు నిలబెట్టుకోవడం కూడా ఒక చదువే." అక్క ఆ మాట పూర్తిగా నమ్మింది. "నా చేతిలో డబ్బు నిలవదు మేడమ్, ఎక్కడ లోపముందో చెప్పండి" అంటూ వచ్చింది. ఆ చదువు నేర్పమని అడగడానికే వచ్చింది.

నేను కూడా నేర్పడానికే కూర్చున్నాను. మూడు నెలలు ప్రతి ఖర్చూ రాయమన్నాను. రాసింది, అంత శ్రద్ధగా రాసినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. చదువు అప్పు వాయిదా 19. ఇంటికి పంపేది 28. అద్దె 20. తిండి, ప్రయాణం 22. ఫోనూ, మందులూ, మిగతావన్నీ కలిపి 8. మొత్తం 97. మిగిలిన 3 కార్డు వడ్డీకే చాలడం లేదు. ఇందులో అదుపు తప్పిన ఖర్చేదో చూపించమంటే నేనే చూపించలేను.

అయినా మూడో సెషన్‌లో ఆ 8ని ఇంకా తగ్గించగలవేమో చూడమన్నాను. ఆ అమ్మాయి బుద్ధిగా తగ్గించింది. ఎలాగో నాకు తర్వాత తెలిసింది: నొప్పెడుతున్న పన్నుకి చేయించుకోవాల్సిన వైద్యం వాయిదా వేసింది. నాలుగో సెషన్‌కి దవడ వాచి వచ్చింది. చిన్న చికిత్సతో పోయేది, పన్ను తీయించుకునేదాకా వెళ్లింది. ఆ ఖర్చు కార్డు మీదే పడింది. దీన్ని నా ఖాతాలో రాసుకున్నాను. బీదతనానికి క్రమశిక్షణ మందుగా ఇస్తే జరిగేది ఇదే అని ఎన్నిసార్లు చదివానో. ఎదురుగా మనిషి కూర్చుంటే చదివింది గుర్తురాలేదు.

క్రమశిక్షణ అనగానే అందరికీ గుర్తొచ్చే ప్రయోగం ఒకటుంది. మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు తినకుండా ఆగితే రెండోది ఇస్తానన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువుల్లో ముందున్నారని తేలి, ఓపికే జీవితాన్ని నిర్ణయిస్తుందని ప్రచారమైంది. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హోనన్ క్వాన్ అనే పరిశోధకులు తొమ్మిది వందలకు పైగా పిల్లల వివరాలతో దాన్ని మళ్లీ చూశారు. కుటుంబ నేపథ్యాన్నీ, ఇంటి వాతావరణాన్నీ, పిల్లల తొలి సామర్థ్యాలనీ లెక్కలోకి తీసుకునేసరికి ఆ సంబంధంలో మూడింట రెండు వంతులు కరిగిపోయింది. రెండో మిఠాయి తప్పకుండా వస్తుందన్న నమ్మకం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకి ఆగడం తేలిక. బాబాయి తన ఇంటి వాతావరణాన్ని కొడుకు గుణం అనుకున్నాడు. నేను కూడా మూడు సెషన్లపాటు ఆయన పక్షానే ఉన్నాను.

మూడు తరాల కాగితం

నాలుగో సెషన్‌లో బడ్జెట్ పక్కనపెట్టి పెద్ద కాగితం పరిచాను. నిజానికి మొదటి రోజే పరవాల్సింది. పైవరసలో తాతయ్య, నానమ్మ. మధ్యవరసలో ఇద్దరు కొడుకులు. కిందివరసలో మనవలు. ఒక్కొక్కరి దగ్గర ఏముండేది, అది ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, పోయేటప్పుడు ఎవరు నిర్ణయించారు, ఆ సంగతి ఇంట్లో ఎంతమందికి తెలుసు. డబ్బు కిందికి దిగితే ఎర్ర బాణం, పైకి ఎక్కితే నీలం బాణం.

అక్క గీసిన కాగితంలో తన చుట్టూ అన్నీ నీలం బాణాలే. పై వరస మాత్రం దాదాపు ఖాళీ. తాతయ్యకి ఒక ఇల్లుండేదని తెలుసు, చెరిసగం పంచారని తెలుసు. నాన్న వాటా ఏమైందో తెలియదు. "అమ్మేశారంతే" అంది. ఎందుకని ఎప్పుడూ అడగలేదట. అడగమన్నాను.

రెండు వారాల తర్వాత పాత అట్ట ఫైలు ఒకటి పట్టుకొచ్చింది. వాళ్ల నాన్న బీరువా అడుగునుంచి తీసిచ్చారట. లోపల ఆసుపత్రి రసీదులు. వాటిని కలిపి గుచ్చిన గుండుసూది తుప్పుపట్టి, దాని అచ్చు కింద నాలుగు కాగితాల దాకా దిగింది. నానమ్మకి కిడ్నీలు చెడిపోయాయి. ఆవిడ పెద్దకొడుకు దగ్గర ఉండేది కాబట్టి వైద్యం ఆయన చేతిమీదుగా నడిచింది. సగం ఇల్లు అమ్మింది అందుకు. అప్పుడు అక్కకి తొమ్మిదేళ్లు. అమ్మిన డబ్బు చాలక అప్పు చేశారు. ఇల్లు పోయినా అప్పు మిగిలింది, నానమ్మా దక్కలేదు.

తర్వాత అక్క చెప్పిన సంగతికి నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇంటికి పంపుతున్న 28లో నాన్న తిండికీ, అమ్మ మందులకీ పోయేది సగం కన్నా కాస్త ఎక్కువ. మిగతాది ఆ పాత అప్పుకి వెళుతోంది. పదిహేడేళ్లుగా వడ్డీ కడుతూ, అసలు కరిగిస్తూ వస్తున్నారు. అంటే ఈ అమ్మాయి తనకి తొమ్మిదేళ్లప్పటి ఆసుపత్రి బిల్లు ఇరవయ్యారో ఏట కడుతోంది. ఆ ఫైలు చేతికొచ్చేదాకా తను కడుతున్నట్టు తనకే తెలియదు. 'ఇంటికి పంపేది' అన్న గడిలో అది దాక్కుని ఉంది.

అవతలి సగం ఇల్లు అలాగే ఉంది. విలువ పెరిగింది. తమ్ముడు కాలేజీలో చేరే నాటికి బాబాయి దాన్ని మంచి ధరకి అమ్మారు. ఫీజులు అందులోంచే కట్టారు. మిగిలింది దాచారు.

ఆదాయాన్ని చూస్తే ఈ రెండిళ్లకీ పెద్ద తేడా లేదు. అన్నదమ్ములిద్దరివీ ఒకే స్థాయి ఉద్యోగాలు. తేడా అంతా ఆస్తిలో ఉంది. సమాజ శాస్త్రవేత్తలు ఈ రెండింటినీ విడదీసి చూడడానికి చాలాకాలం పట్టింది. డాల్టన్ కాన్లీ 1999లో అమెరికా కుటుంబాల మీద చూపించింది ఇదే: తల్లిదండ్రుల ఆదాయంతోపాటు ఆస్తిని కూడా లెక్కిస్తే నల్లజాతి, తెల్లజాతి యువత చదువుల మధ్య కనిపించే తేడా చాలావరకు తగ్గిపోతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 1968 నుంచి అవే కుటుంబాలనీ, వాటినుంచి విడిపోయిన పిల్లల కుటుంబాలనీ వదలకుండా వివరాలు అడుగుతూ వస్తోంది. ఆ వివరాలతోనే ఫాబియన్ ఫెఫర్, అలెగ్జాండ్రా కిల్లెవాల్డ్ 2018లో తాతల దాకా వెళ్లారు. తల్లిదండ్రుల ఆస్తిని లెక్కలోకి తీసుకున్నాక కూడా తాతల ఆస్తికి మనవల ఆస్తితో విడిగా సంబంధం మిగిలే ఉందని వాళ్లు తేల్చారు. ఇక్కడ తాతయ్య ఒక్కడే. ఆయన ఇచ్చింది ఒక మనవడి దాకా చేరింది, ఒక మనవరాలి దాకా చేరకుండా ఆసుపత్రిలో ఆగింది.

తమ్ముడు

తమ్ముడిని నేను పిలవలేదు. కాగితం నింపడానికి అక్క ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలు విని తనంతట తనే వచ్చాడు. కొంచెం కోపంగానే వచ్చాడు. "నేనెవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు మేడమ్. ఈఎంఐ నా జీతంలోంచే పోతోంది" అన్నాడు. అది నిజమే, జీతంలో 35 పోతోంది.

అతనితోనూ కాగితం వేశాను. నెలల జీతాల్లో చెబితే ఇల్లు 60, బ్యాంకు అప్పు 40, ముందు కట్టింది 20. ఆ ఇరవైలో అతని సొంత పొదుపు 6, మిగిలిన 14 నాన్న సర్దారు. ఆ మాట చెబుతూ 'సర్దారు' అన్నాడు, 'ఇచ్చారు' అనలేదు. తర్వాత ఎవరూ సాయమని పిలవని సాయాలు అడుగుతూ పోయాను. నాలుగేళ్లు అద్దె లేకుండా అమ్మానాన్నల దగ్గర ఉండడం. ఆరోగ్య బీమా నాన్న పాలసీలోనే నడవడం. చదువు అప్పు లేకపోవడం. లాప్‌టాప్. బ్యాంకు అప్పుకి నాన్న హామీ సంతకం. పదకొండు అయ్యాయి. పన్నెండోది అతనే చెప్పాడు: చదువవగానే జీతం లేకుండా ఆరు నెలలు చేసిన ఇంటర్న్‌షిప్.

నా దృష్టిలో 14 నెలల సొమ్ము కన్నా ఈ ఆరు నెలలే పెద్దవి. ఆ ఇంటర్న్‌షిప్ తర్వాత కూడా తమ్ముడు వచ్చిన రెండు ఉద్యోగాలు వద్దని మూడోదానికి ఆగాడు. అక్క పరీక్షలైన పదకొండో రోజు మొదట పిలిచిన చోట చేరిపోయింది. చేరిన రోజు జీతాలు ఒకటే, కానీ ఎదిగే దారులు వేరు. రెండో ఏట అక్కకి కంపెనీలోనే ఏడాది శిక్షణకి సీటొచ్చింది. ఆ ఏడాది సగం జీతమే, బయటకొచ్చాక పై మెట్టు. ఇంటికి పంపే 28 ఆగకూడదు కాబట్టి వద్దంది. ఇప్పుడు తమ్ముడి జీతం ఆమె జీతానికి ఒకటిన్నర రెట్లు. ఈ తేడాలో ఎవరి తెలివీ, ఎవరి బద్ధకమూ లేవు. ఒకరికి ఆగే వీలుంది, ఒకరికి లేదు.

మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో పద్దెనిమిది నుంచి పాతిక దాకా ఉండే వయసుకి విడిగా ఒక పేరు పెట్టాడు. ఇంకా పెద్దరికం రాని, బాల్యం అయిపోయిన, దారులు వెతుక్కునే దశ అని. నా క్లయింట్లలో ఆ దశ కొందరికే దొరికింది. అక్కకి అది పదకొండు రోజులు.

డబ్బున్న ఇంటి పిల్లవాడి కథ ఇక్కడితో సుఖాంతమని అనుకునేవాళ్లకి తమ్ముడి రెండో సెషన్ చెప్పాలి. మాటల మధ్యలో అతని ఫోన్ మోగింది. నాన్న. "ఇప్పుడే ఏదో పోయింది నీ ఖాతాలోంచి, ఏం కొన్నావురా?" బ్యాంకు మెసేజ్‌లు నాన్న నంబరుకి వెళతాయి. ఖాతా తెరిచింది పద్దెనిమిదో ఏట, నంబరు మార్చాలని ఎవరికీ తోచలేదు. సరిగ్గా చెప్పాలంటే, మారుద్దామంటే ఇంట్లో గొడవవుతుందని తోచింది. ఈ ఉద్యోగం అతనికి ఇష్టం లేదు. మానేస్తానని ఒకసారి అంటే "ఇల్లు కొనిపెట్టింది ఇందుకా?" అని జవాబొచ్చింది. ఇంటి గోడల రంగు కూడా నాన్నే ఎంచారు.

దీనికి కూడా కాగితం మీద బాణం గీశాను, కిందికే, ఎర్రదే. కానీ దాని చివర చిన్న ముడి వేశాను. ఇచ్చిన చెయ్యి పగ్గం కూడా పట్టుకుంటుంది. ఇద్దరి కష్టాలూ సమానమని మాత్రం నేను అనను. ముడి విప్పుకోవచ్చు. పన్ను పోతే రాదు.

ఇద్దరూ కలిసి

కలిపి కూర్చోబెట్టింది ఒక్కసారే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. ఉద్యోగంలో చేరాక అక్క పైకి పంపింది 13 నెలల జీతం. తమ్ముడికి కిందికి వచ్చింది 14. ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే, కానీ ఇద్దరూ ఆ రెండంకెల దగ్గరే చాలాసేపు ఆగారు.

తమ్ముడికి ఆసుపత్రి అప్పు సంగతి అప్పటిదాకా తెలియదు. ఫైలు తిరగేస్తూ ఒక రసీదు దగ్గర ఆగి, "ఆవిడ నాకూ నానమ్మేగా అక్కా" అన్నాడు. అక్క ఏమీ అనలేదు. తర్వాత మాట మార్చడానికేమో, ఇంటికి ఏ రంగు వేశారని అడిగింది. నాన్న వేయించారని చెబితే ఒక్కసారిగా నవ్వింది: "నా గదిలో మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాల్రా. నువ్వు కూడానా?"

మిగిలిన పాత అప్పులో సగం కడతానని తమ్ముడు ఆ వారమే పెదనాన్నకి ఫోన్ చేశాడు. ఆయన ఒప్పుకోలేదు. నాలుగు వాయిదాలే మిగిలాయి, ఇన్నేళ్లూ కట్టినవాణ్ణి ఇవి కట్టలేనా అన్నారట. దాంతో తమ్ముడు అక్క కార్డు బాకీ తీర్చాడు. అక్క ఊరికే తీసుకోనంది. వడ్డీ లేకుండా వాయిదాల్లో తీరుస్తానని కాగితం రాయించింది, ఇద్దరూ సంతకాలు పెట్టారు. తోడబుట్టినంత దగ్గరివాళ్ల మధ్య కాగితమెందుకని చాలామంది అంటారు. ఆ కాగితం లేకపోతే రేపు ఇంట్లో నలుగురూ కలిసినప్పుడు బాబాయి నోట ఇంకో మాట పుట్టేది. రాయించడమే మంచిదయింది.

బాబాయి నాకు ఫోన్ చేశారు. "మా ఇంటి పాత లెక్కలు తవ్వుతున్నారట?" అన్నారు. నా దగ్గరికొచ్చినవాళ్ల సంగతి వాళ్లతో తప్ప మాట్లాడనని చెప్పాను. ఫోన్ పెట్టేశారు. నానమ్మ వైద్యంలో సగం ఆయన ఇవ్వాల్సిందా? నా సొంత అభిప్రాయం, ఇవ్వాల్సిందనే. అది కౌన్సెలర్ చెప్పాల్సిన తీర్పు కాదు, చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు తర్వాత రాలేదు. మెసేజ్ ఒకటి పంపాడు: బ్యాంకులో నంబరు మార్పించుకున్నాడు. ఉద్యోగం అదే.

అక్కతో చేసిన పని

పాత అప్పు తీరగానే ఇంటికి పంపేది 28 నుంచి 18కి తగ్గించాలన్నది లెక్క. లెక్క నిమిషంలో తేలింది, నాన్నకి చెప్పడానికి ఐదు వారాలు పట్టింది. చివరికి నా గదిలోంచే ఫోన్ చేస్తానంది. మాట్లాడినంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. అటువైపు ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు, ఇటు "అది కాదు నాన్నా" అని మూడుసార్లు వినపడింది. పెట్టేశాక చెప్పింది: "అప్పు తీరాక అసలేమీ పంపొద్దంటున్నారు. పద్దెనిమిదికి ఒప్పించేసరికి ఇంతసేపు పట్టింది." ఐదు వారాలు మేమిద్దరం తయారైంది ఆయన కోపానికి. ఇది మేం అనుకోనే లేదు.

రెండోది, ఆమె పేరు మీద విడిగా ఒక ఖాతా. నెలకి 3. ఇంత చిన్న మొత్తంతో ఏం లాభమని తోటి కౌన్సెలర్లు కొందరు అడుగుతారు. వాళ్ల పక్షాన గట్టి సాక్ష్యమే ఉంది. స్వీడన్ లాటరీలో గెలిచినవాళ్ల వివరాలు తీసుకుని ఆర్థికవేత్త డేవిడ్ సెసరీని బృందం 2016లో చూసింది. ఇంట్లోకి హఠాత్తుగా పెద్ద డబ్బొచ్చినా పిల్లల చదువులోనూ ఆరోగ్యంలోనూ చెప్పుకోదగ్గ మార్పు దాదాపు కనిపించలేదు. ఇంకోవైపు అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో 2007లో అప్పుడే పుట్టిన పిల్లల పేరిట వెయ్యి డాలర్లతో చదువు ఖాతాలు తెరిచిన ప్రయోగముంది. ఎవరికి తెరవాలన్నది చీటీ వేసినట్టు ఎంచారు. పిల్లలకి నాలుగేళ్లొచ్చే నాటికే, ఇంకా ఒక్క డాలరు కూడా ఖర్చుపెట్టకుండానే, ఆ తల్లుల్లో దిగులు తక్కువగా, పిల్లల సామాజిక, భావోద్వేగ ఎదుగుదల మెరుగ్గా ఉన్నాయి. స్వీడన్‌లో చదువుకీ వైద్యానికీ ప్రభుత్వమే ఆసరా, కాబట్టి లాటరీ డబ్బు కొత్తగా తెరిచే తలుపులు తక్కువ అని నేను అర్థం చేసుకుంటాను. ఆసరా లేనిచోట, రేపటి పేరు రాసిపెట్టిన చిన్న మొత్తం కూడా మనిషి చూపుని కాస్త దూరం జరుపుతుంది.

ఆ ఖాతాకి ఆమె పెట్టుకున్న పేరు 'ఊపిరి'. ఆ మాట నాదే. జీతం ఆగిపోతే, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఎన్ని నెలలు బతకగలవో అన్ని 'ఊపిరి నెలలు' అని లెక్కకట్టిస్తాను. సొంత పొదుపే కాదు, వారం లోపు, కారణం అడక్కుండా, చేతికందే ఇంటి డబ్బు కూడా అందులో కలుస్తుంది. మొదటి రోజు లెక్కలో అక్కది సున్నా కంటే కింద. నాన్న ఇవ్వగలిగిందంతా కలిపితే తమ్ముడివి నలభై దాటాయి. కారణం అడక్కుండా అన్న షరతు పెడితే ఆరుకి పడిపోయాయి.

పద్నాలుగు నెలల తర్వాత

చివరిసారి కలిసేసరికి పాత అప్పు పూర్తయింది. తమ్ముడికి వాయిదాలు తప్పకుండా వెళుతున్నాయి. మధ్యలో జీతం పెరిగింది, పెరిగినదంతా 'ఊపిరి'లోకే వెళ్లింది. ఒక నెలా పది రోజులయ్యాయి. పన్ను స్థానంలో ఇంకా ఖాళీయే. కట్టించుకోమంటే, అది తన వరసలో చివర ఉందంది.

కంపెనీలో ఆ శిక్షణ సీట్లు మళ్లీ పడ్డాయట. ఏడాది, సగం జీతం. ఆ లెక్క రాసుకునే వచ్చింది: అద్దె, తిండి, చదువు అప్పు, ఇంటికి పంపేది, తమ్ముడి వాయిదా, అన్నీ ఆగకుండా నడవాలంటే ఐదారు ఊపిరి నెలలు ముందే చేతిలో ఉండాలి. ఉన్నది ఒకటింబావు పైన కాస్త. తమ్ముడు ఏడాదిపాటు వాయిదాలు వద్దన్నాడట. నాన్నకి ఇంకా చెప్పలేదట, చెబితే వెళ్లమంటారని భయమంది.

ఫారం నింపి ఫోన్‌లో పెట్టుకుంది, నాకు చూపించింది. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది.